ఉంటే ఏం తింటది

పొద్దున ఎనిమిది గంటలకు చక్కెర ఫ్యాక్టరీ కూత వినపడింది. గానుగ ఆడే నెలల్లో ఆ కూతే మా ఊరికి గడియారం. అది వినగానే మా అమ్మాయి సంచి భుజాన వేసుకుని బడికి బయలుదేరేది. ఆ రోజు కూడా సంచి వేసుకుంది, గడప దాటింది, వాకిట్లో ఆగిపోయింది. కాసేపు అక్కడే నిలబడి లోపలికి వచ్చి సంచిని తిరిగి కొయ్యకు తగిలించింది.

"నేను పోను" అంది.

నుదురు పట్టి చూశాను. జ్వరం లేదు. బడిలో ఎవరైనా కొట్టారా అని అడిగాను. లేదంది. "చెరుకుల అది ఉంటది" అంది.

అది అరవైల మధ్య కాలం. మా ఊరు బోధన్‌కు దగ్గరే. అమ్మాయి నాలుగో తరగతి. బడి పక్క ఊళ్లో. అక్కడికి పోయే బండ్ల బాటకు రెండు వైపులా చెరకే. దసరా దాటేసరికి చెరకు మనిషిని మించి పెరిగి, ఆకులు పైన ఒకదాని మీద ఒకటి వాలి, నడిచేవాళ్లకు ముందు కొంత బాట, వెనుక కొంత బాట, నెత్తిమీద సన్నని ఆకాశం మాత్రమే మిగిలేవి. మేమందరం ఆ బాటనే తిరిగేవాళ్లం. అందులో భయపడటానికి ఏముందో అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆమె "అది" అన్నది పుస్తకంలోని జంతువు. నిజామాబాద్‌లో ఉండే మా అన్న పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం కొని పండుగకు తెచ్చాడు. అట్ట లేదు, మొదటి పేజీలు కూడా లేవు. మధ్యలో ఒక రాక్షసబల్లి బొమ్మ ఉంది. రెండు కాళ్ల మీద నిలబడి, ముందు చేతులు చిన్నవిగా, తల ముందుకు చాచి చూస్తోంది. దాని చుట్టూ చిత్రకారుడు ఏవో పొడవాటి మొక్కలు వేశాడు. ఆ పాత కాలపు మొక్కలు ఎలా ఉండేవో ఆయనకూ సరిగ్గా తెలియకపోవచ్చు. ఆయన వేసినవి మాత్రం అచ్చం చెరకులా ఉన్నాయి. రెండు వరుసల మధ్య బాటలాంటి ఖాళీ కూడా ఉంది. కింద రాసిన ఇంగ్లీషును నేనే కూడబలుక్కుని చదివి, మాంసం తినేదని చెప్పాను. అక్కడితో ఆపకుండా, పళ్లు జానెడుంటాయని కూడా చెప్పాను.

అది ఇప్పుడు లేదని చెప్పడం సులువనుకున్నాను. మనుషులు పుట్టకముందే, కోట్ల ఏళ్ల కింద చచ్చిపోయాయని చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నది.

"అన్ని చచ్చిపోయినయని ఎవరు చూసిండ్రు?"

"ఎవరూ చూడలేదు. ఎముకలు దొరికినయి."

"అడివి పందులు గూడ మనకు కనవడయి గదా అమ్మా. చెరుకుల ఉన్నయా లేవా?"

ఉన్నాయి. రాత్రికి రాత్రి మళ్లను తవ్విపోసేవి. చెరకు నరికేదాకా వాటిని చూసినవాడు అరుదు.

మరునాడు తోడు వెళ్లాను. బాట మొదట్లో నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. లాగితే వాంతి చేసుకుంది. ఆ మరునాడు కూడా అంతే. పీర్ల పండుగకు పులివేషం కట్టి మీదికి దూకే మనిషిని చూసి నవ్విన పిల్ల. ఇది వేషం కాదని, ఇందులో లోపల మనిషి లేడని ఆమెకు తెలుసు.

నేను ఏడో తరగతి వరకు నిజామాబాద్‌లో చదువుకున్నాను. పెళ్లి కుదిరాక బడి ఆగింది. చదవడం ఆగలేదు, దొరికింది దొరికినట్టు చదివేదాన్ని. అమ్మాయి మాత్రం నేను ఆగిన చోట ఆగకూడదని అనుకునేదాన్ని. పైకి అనలేదు. మా అత్త అభిప్రాయం వేరు. నాలుగు అక్షరాలు వచ్చాయి, చాలు, బర్రె దగ్గర చేతికి సాయం ఉంటుంది అనేది. పిల్ల ఇంట్లో ఉండిపోయిన మొదటి వారం ఆమె పోరు పెట్టలేదు, ఊరుకుంది. ఆ ఊరుకోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది. వారం దాటాక పంతులు కబురు పంపాడు. నెలాఖరు లోపల రాకపోతే పేరు కొట్టేస్తానని. చెరకు నరికితే బాట తెరిపి పడుతుంది, కానీ ఆ మడికి కోత సంక్రాంతి దాటాకే. బడి అప్పటిదాకా ఆగదు.

మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మ్యాన్. సైకిల్ మీద ఊరూరా తిరిగి చెరకు చూసి, ఏ మడి పక్వానికి వచ్చిందో, ఏది ఎప్పుడు నరకాలో చెప్పడం ఆయన పని. ఆ నెలల్లో చీకటి విడవకముందే వెళ్లి దీపాల వేళకు వచ్చేవాడు. ఆయన వెళ్లే దిక్కు బడి దిక్కు కాదు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. నేను ఇది రాస్తున్నది అందుకే. ఆయన గురించి పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు. ఆ నెలలో ఆయన చేసింది మాత్రం రాయగలను.

పంతులు కబురు నేను చెప్పిన సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుని, ముద్ద కలుపుతూ అడిగాడు.

"బిడ్డా, మరి అది ఉంటే ఏం తింటది?"

"మనుషుల్ని."

"మనుషులు పుట్టకముందుదని మీ అమ్మ చదివిందంటివి. అప్పుడేం తిన్నది?"

అమ్మాయి ఆలోచించింది. "వేరే తొండల్ని. పెద్దయి."

"మన చెరుకుల పెద్ద తొండలున్నయా?"

"చిన్నయే ఉన్నయి."

"గవి తింటే దాని పంటి సందు గూడ నిండదు. మరెట్ల బతుకుతది?"

"పందుల్ని తింటది."

"ఆఁ. గది మాట" అన్నాడు. "పందులు సరే. రోజుకెన్ని?"

మా అత్త మంచం మీద నుంచి అంది, "అన్నం తినుకుంట మాట్లాడే ముచ్చట్లేనారా గివి? తండ్రీబిడ్డలకు వేరే దొరకలేదా?"

"పందుల లెక్క నాకు గూడ కావాలె అవ్వా. మడి మడికి అవే నష్టం."

పిల్ల నిద్రపోయాక నేను అడిగాను. "ఉన్నదని మీరే చెప్తున్నట్టుంది. ఇంకా బుగులు పెరగదా?"

"ఉన్నదని నేనన్లే. ఉంటే అన్న" అన్నాడు. "లేదని నువ్వు చెప్తివి. ఇన్నదా?"

అప్పటి నుంచి రోజూ సాయంత్రం అదే ముచ్చట. ఆయన మాట్లాడే పద్ధతి మడి చూసి వచ్చి మాట్లాడినట్టే ఉండేది. అంత పెద్ద జంతువు చెరకులో దూరితే ఏమవుతుందో ముందు చెప్పాడు. పంది పడుకున్న చోట మంచమంత మేర చెరకు పడి ఉంటుంది. ఇది పడుకుంటే సగం మడి పడుతుంది. నడిస్తే బండి పోయినంత సందు పడుతుంది. "గంత చెరుకు పడితే నాకు మెమో రాకపోతుండెనా? మా పెద్దసారు కంటికి తొండ కనవడకపోవచ్చు గని పడ్డ చెరుకు కనవడ్తది" అన్నాడు. అమ్మాయి మొదటిసారి నవ్వింది.

ఇంకో రోజు చెరకాకు ఒకటి తెచ్చి దాని అంచును ఆమె వేలి మీద మెల్లగా ఆనించాడు. రంపంలా గీసుకుంటుంది. పుస్తకం తెప్పించి ఆ జంతువు కళ్లెక్కడున్నాయో చూపించమన్నాడు. పెద్దవి, తలకు ముందువైపు ఉన్నాయి. చూపు మీద బతికే జంతువు ఈ ఆకుల్లో కళ్లు పెడుతుందా అని అడిగాడు. మనుషులైతే చెరకు నరికేటప్పుడు తలకు గుడ్డ చుట్టుకుంటారు, అది దేనితో చుట్టుకుంటుంది, చేతులు అంత చిన్నవి కదా. అందుకని అది చెరకు లోపల ఉండదని, ఉంటే అంచున, బీడు భూముల్లో, మంజీర ఒడ్డున తుమ్మల్లో ఉంటుందని ఇద్దరూ తేల్చారు.

నేను కూడా మెల్లగా ఆ మాటల్లోకి వచ్చాను. కొండచిలువ ఒకసారి మింగితే చాలా రోజులు కదలదని ఎక్కడో చదివింది చెప్పాను. అయితే ఇదీ అంతే కావచ్చని ఆయన ఒప్పుకున్నాడు. తిన్న చోటే పడుకుంటుంది, మిగిలిన దానికోసం నక్కలు వస్తాయి, పైన రాబందులు తిరుగుతాయి, కాబట్టి అదెక్కడుందో ఆకాశం చూస్తే తెలుస్తుంది. అలాంటి జంతువు కొండచిలువలా తిని పడుకునేదా, పక్షిలా రోజూ తినవలసి వచ్చేదా అన్నది చదువుకున్నవాళ్లే ఇంకా తేల్చుకోలేదని చాలా ఏళ్లకు ఒక పత్రికలో చదివి ఆయనకు చెప్పాను. "తేలినంక చెప్పు" అన్నాడు.

ఆకాశం చూసే ఉపాయం పిల్లకు సరిపోలేదు. "రాబందులు లేకుంటే అది తినలేదన్నట్టు. ఆకలి మీద ఉంటది. అప్పుడు నేను పోతే?"

ఆయన ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. నిజంగానే ఆలోచించాడు. "రేపు చెప్తా" అన్నాడు. మరునాడు వచ్చీ రాగానే, సైకిల్‌కు స్టాండ్ కూడా వేయకుండా చెప్పాడు. "ఆకలిగొన్నది బర్లున్న కాడికి పోతది బిడ్డా. ఉరికి ఉరికి నీ అసొంటిదాన్ని పట్టుకుంటే దానికి ఉరికిన ఆయాసం గూడ తీరదు."

మా అత్త ఊరుకోలేదు. "దీన్ల ఏమున్నది తినెతందుకు? వంకాయకు కాళ్లొచ్చినట్టుంటది. ఎముకలు ఇరుక్కుని అదే సస్తది."

"నేను గంత సన్నగ లేను" అంది అమ్మాయి. కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు నాకు సంతోషమైంది.

ఒకసారి అవి ఎన్ని ఉంటాయనే మాట వచ్చింది. ఆయన భీమ్‌గల్ వైపు గుట్టల సంగతి చెప్పాడు. అక్కడ మేకలెన్నో లెక్కలేదు, చిరుతలు మాత్రం వేళ్ల మీద. తినేవి తినబడేవాటి కంటే ఎప్పుడూ తక్కువే ఉండాలి, లేకపోతే రెండూ మిగలవు. ఇంత పెద్దదైతే బోధన్ తాలూకా మొత్తానికి ఒక్కటి ఉంటే ఎక్కువ. ఇది విని పిల్ల ధైర్యపడుతుందనుకున్నాం. ఆమె వేరే అడిగింది.

"ఒక్కటే ఉంటే దానికి తోడెవరు బాపు?"

ఆయన నా వైపు చూశాడు. "ఏడాదికొకసారి నది దాటి పోతదేమో" అన్నాడు చివరికి. "అవుతల తాలూకల ఇంకోటుంటే."

ఆ తర్వాత కేక సంగతి వచ్చింది. మా వైపు చెరకు బాటలోకి పోయే ముందు మొదట్లో నిలబడి "వస్తున్న ఓ" అని గట్టిగా కేక వేయడం అలవాటు. బాట ఒక్క బండి పట్టేంత. ఎదురు బండి వస్తే వెనక్కి తిప్పే చోటు ఉండదు. కేక వింటే లోపలున్న బండివాడు వెడల్పు ఉన్న చోట ఆగి "ఆగిన, రా" అని బదులిస్తాడు. పందులు కూడా ఆ చప్పుడుకు తప్పుకుంటాయి. అది మగవాళ్ల అలవాటు. ఆడవాళ్లం గుంపుగా పోయేటప్పుడు మాటలే కేకలుగా సరిపోయేవి.

"చాటుకుండి పట్టేది ఏదైనా గంతే" అన్నాడు ఆయన. "దాన్ని మనం చూసినమని ఎర్కైతే ఇగ దూకదు. చిరుత గూడ లేచి పోతది. నువ్వు ముందే కేకేస్తివనుకో, దాని పని చెడిపాయె. ఇంకోటి. వేటాడేది సప్పుడు చెయ్యదు. ఒర్రుకుంట వచ్చేది ఏదైనా సరే, అది మాత్రం గాదు."

"పుస్తకంల నోరు తెరిచి ఉంది" అంది పిల్ల.

"బొమ్మ గీసెటోనికి పండ్లు చూపియ్యాలె గదా. ఒర్రితే పందులన్ని ఉరికిపోవా? ఏం తిని బతుకుతది?"

మా అత్త లేచి కూర్చుంది. "రేపు పెండ్లి కావాల్సిన పిల్ల బాట మీద నిలవడి ఒర్రుతదా? ఊరు ఏమంటది?"

"ఒర్రకుంటే బండి కింద పడ్తది అవ్వా."

"బడికి పోకుంటే బండి కింద పడనే పడదు."

పిల్ల బడి మానేశాక ఆమె మొదటిసారి పైకి అన్న మాట అది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చేతిలో ఉన్న గిన్నె దించి, "అత్తా, నన్ను ఏడుతోటి ఆపిండ్రు. దాన్ని నాలుగుతోటి ఆపొద్దు" అన్నాను. ఆమెతో నేను అలా మాట్లాడటం అదే మొదలు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మరునాడు పొద్దున ఆయన పనికి వెళ్లిపోయాక అమ్మాయి పెరట్లో నిలబడి కేక వేసి చూసుకుంటోంది. "వస్తున్న ఓ." గొంతు సన్నగా, సగంలో విరిగిపోతోంది. రెండు మూడు సార్లయ్యాక లోపలి నుంచి మా అత్త గొంతు వినపడింది.

"గదేం కేకే? పిల్లి తోక తొక్కినట్టు. కడుపుల నుంచి ఒర్రు."

పిల్ల మళ్లీ వేసింది.

"ఇంకా. బండోడు చెవిటోడు అనుకో."

ఆ ముసలామె అంతలో ఎందుకు మారిందో నాకు తెలియదు. అడగలేదు. తను చిన్నప్పుడు జక్రాన్‌పల్లి దగ్గర పుట్టింట్లో పసుపు చేలకు కాపలా ఉండేదని, కోతులను కేకలతో తోలేదని తర్వాత ఎప్పుడో ఆమే చెప్పింది. ఆ పొద్దున మంచం మీద నుంచే తను ఒక కేక వేసి చూపించింది. పక్కింటివాళ్లు ఏమైందోనని గోడ మీద నుంచి తొంగిచూశారు.

అమ్మాయి సంచి తీసుకుంది. నేను వెనుక వస్తానన్నాను. వద్దంది. మళ్లీ, దూరంగా రమ్మంది. బాట మొదట్లో ఆగింది. ముందు ఆకాశం చూసింది. పైన గద్ద ఒకటి ఉంది, రాబందులు లేవు. తర్వాత రెండు చేతులు నోటి దగ్గర పెట్టుకుని కడుపులో నుంచి కేక వేసింది.

"వస్తున్న ఓ!"

కాసేపు ఏమీ లేదు. తర్వాత చెరకు లోపలి నుంచి పెద్ద మూలుగు వచ్చింది. సాగి, కీచుమని, మళ్లీ బొంగురుగా దిగింది. చెరకాకులు కదిలాయి. నేను పరుగెత్తబోయాను. అమ్మాయి కదల్లేదు. వీపు నాకు కనిపిస్తోంది. భుజాలు పైకి లేచి ఉన్నాయి, సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుంది. ఒకసారి తిరిగి నన్ను చూసి, గుసగుసగా కాదు, మామూలుగానే చెప్పింది.

"ఒర్రుతున్నదమ్మా. అది గాదు."

లోపలి నుంచి మనిషి గొంతు వచ్చింది. "ఆగిన, రా! ఎవలది గా గొంతు? గింత పొద్దుగాల అర్జంటు పనేందిరా?"

ఇరుసుకు కందెన లేని చెరకు బండి. దాని మీద బండి యజమాని, తలగుడ్డ చుట్టుకుని. చిన్నపిల్లను చూసి ఎడ్లను పక్కకు పట్టాడు.

"నువ్వా ఒర్రింది? నేనెవడో పట్వారి అనుకున్న" అన్నాడు.

"నేనే. బడికి పోతున్న" అంది. బండి పక్క నుంచి సందు చూసుకుని వెళ్లింది. చెరకు మలుపులో కనపడకుండా పోయేదాకా నేను అక్కడే ఉన్నాను. కాసేపటికి అవతల నుంచి తీతువు పిట్ట అరిచింది. తీతువు అరిస్తే చెడు జరుగుతుందని మా అత్త నమ్మకం. ఆయన చెప్పింది వేరు, నేల మీద ఏది నడిచినా అది అరుస్తుందని. నడుస్తున్నది మా అమ్మాయి. నేను ఇంటికి వచ్చాను.

సాయంత్రం ఆయన "సప్పుడు ఎటు దిక్కు నుంచి వచ్చింది?" అని మాత్రం అడిగి, ఆమె చెప్పినంతసేపు విన్నాడు. పంతులు పేరు కొట్టలేదు. బండ్లవాళ్లకు ఆ గొంతు అలవాటైంది. కొందరు "ఆగిన బడిపంతులమ్మా, రా" అని బదులిచ్చేవాళ్లు.

సంక్రాంతి తర్వాత ఆ మడి నరికారు. ఇటు నుంచి చూస్తే బడి పైకప్పు కనిపించింది. పందులు మూడో నాలుగో బయటపడి కాలువ వైపు పరుగెత్తాయి. అమ్మాయి అది చూసి వచ్చి, ఇప్పుడది ఎక్కడికి పోతుందని అడిగింది. పందులు పోతే అది ఏం తింటుందని కూడా. వాళ్ల నాన్న మంజీర పేరు చెప్పాడు. ఎండాకాలంలో నది సన్నబడి జంతువులన్నీ నీళ్ల దగ్గరికే వస్తాయి కాబట్టి దానికి లోటు ఉండదన్నాడు. మొసలి లాగే ఇసుకలో గుడ్లు పెట్టి పక్కనే కాపలా ఉంటుందేమోనని కూడా చెప్పాడు. వీటిలో దేన్నీ ఆయన చూశానని చెప్పలేదు. ఆమె హైస్కూలుకు వచ్చాక కూడా, అదంతా కథేనని ఇద్దరికీ తెలిశాక కూడా, ఎప్పుడైనా సాయంత్రాలు ఆ లెక్క సాగేది. "ఉంటే" అనే మాటను మాత్రం ఆయన ఏనాడూ వదల్లేదు.

అమ్మాయి ఏడో తరగతి దాటింది. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక బడిలో చెబుతోంది. నాన్న దినాలకు వచ్చినప్పుడు ఆ పుస్తకం అడిగింది. చెదలు పట్టి బొమ్మ సగం పోయింది. కళ్లున్న సగం మిగిలింది. తీసుకెళ్లింది. వెళ్లేటప్పుడు బస్సు కోసం ఆ బాటనే నడిచాం. మొదట్లో ఆమె కొంచెం ఆగింది. నేనూ ఆగాను. తర్వాత ఇద్దరం నడిచాం.

బాటను వెడల్పు చేసి కంకర పోశారు. రెండు బండ్లు పక్కపక్కన పడతాయి. చెరకు ట్రాక్టర్లలో పోతోంది, అవి హారన్ కొడతాయి. చెరకు బాటలోకి పోయే ముందు ఇప్పుడు ఎవరూ నిలబడి కేక వేయరు.